టోపీ సూదితో కారు బాగు చేసుకున్న ఇల్లాలు

కారు కనిపెట్టింది ఎవరని అడిగితే బడిపిల్లలు టక్కున కార్ల్ బెంజ్ అనేస్తారు. పాఠంలో అంతే ఉంటుంది మరి. ఆ కారు ఊరు దాటి ఇంకో ఊరు పోగలదని మొట్టమొదట నడిపి చూపించింది ఎవరని అడగండి. పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా తల గోక్కుంటారు. ఆ పని చేసింది ఆయన భార్య బెర్తా బెంజ్. పెట్టెలు సర్దుకుని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని, మొగుడికి చెప్పకుండా పుట్టింటికి బయల్దేరిన ఇల్లాలు. దారిలో బండి మొరాయించిన ప్రతిసారీ తన దగ్గరున్న వస్తువుతోనో, దారిలో దొరికిన మనిషి సాయంతోనో నడిపించుకుని పోయింది.

నేను ఆదోనిలో ఉంటాను. ఎమ్మిగనూరుకీ, మంత్రాలయానికీ, కర్నూలుకీ నేనే కారు నడుపుకుంటూ పోతుంటాను. దసరా వచ్చిందంటే మొక్కులవాళ్లతో దేవరగట్టు దారి నిండిపోతుంది. మా ఊళ్లో ఇప్పుడు కారు నడిపే ఆడవాళ్లకి కొదవ లేదు. టీచరమ్మలు, డాక్టరమ్మలు, పత్తి వ్యాపారం చూసుకునేవాళ్లు, పిల్లల్ని బడిలో దింపే కోడళ్లు అందరూ నడుపుతున్నారు. అయితే బానెట్ ఎత్తి చూసేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. మెకానిక్కు షెడ్డుకు పోతే సారు రాలేదా అని అడుగుతారు. ఏం పాడైందో సారుకే చెబుతారు, మనకి బిల్లు మాత్రం ఇస్తారు! అందుకే బెర్తా కథ తెలిసిన రోజు నుంచి కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను. మీకూ చెప్పాలనిపించింది.

మళ్లీ ఆడపిల్లేనా?

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ అనే ఊళ్లో పుట్టింది. పుట్టింటి పేరు రింగర్. తండ్రి వడ్రంగం నేర్చి, ఇళ్లు కట్టించే మేస్త్రీగా ఎదిగి, నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనిషి. ఆ ఇంట్లో ఆడపిల్లలు ఎక్కువ. పిల్లలు పుట్టినప్పుడల్లా ఇంటి బైబిల్లో రాసిపెట్టడం వాళ్ల ఆనవాయితీ. బెర్తా పుట్టినప్పుడు ఖర్మకొద్దీ మళ్లీ ఆడపిల్లే అనే అర్థం వచ్చేలా తండ్రి రాశాడట. పదేళ్ల వయసులో ఆ మాట ఆ పిల్ల కంటపడిందని చెబుతారు. ఆ మాట మనకు కొత్తేమీ కాదు. పురిటి గది బయట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

బెర్తాకి యంత్రాలంటే చిన్నప్పటి నుంచే ఇష్టం. తండ్రి వాటి గురించి చెబుతుంటే కళ్లప్పగించి వినేదట. కానీ ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు మూసే ఉండేవి. బడి చదువుతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

1869లో ఇంటివాళ్లతో కలిసి ఒక విహారయాత్రకు వెళ్లినప్పుడు కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్ర ఇంజినీరు. గుర్రం లేకుండా నడిచే బండి చేస్తానని చెప్పేవాడు. అందరూ నవ్విన ఆ మాట బెర్తాకి నచ్చింది.

కట్నం డబ్బు కార్ఖానాకు

కార్ల్ 1871లో ఇంకొకరితో పొత్తు కలిపి మాన్‌హైమ్‌లో చిన్న కార్ఖానా పెట్టాడు. పొత్తుదారు నమ్మదగ్గ మనిషి కాదని త్వరలోనే తేలిపోయింది. పనిముట్లు జప్తు అయ్యేదాకా వచ్చింది. అప్పుడు బెర్తా తన కట్నం డబ్బు ముందే ఇప్పించమని తండ్రిని అడిగి తీసుకుంది. ఆ డబ్బుతో పొత్తుదారు వాటా కొని, కార్ఖానాను కాబోయే మొగుడి చేతిలో పెట్టింది. అప్పటికింకా పెళ్లి కాలేదు. పెళ్లి 1872 జూలై 20న జరిగింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెళ్లి కాని పిల్లగా తన డబ్బును తన ఇష్టప్రకారం పెట్టుబడి పెట్టే వీలు ఆమెకు ఉండేది. పెళ్లయిన మర్నాటి నుంచి అక్కడి చట్టం ప్రకారం ఆ హక్కు పోయింది. డబ్బు ఆమెదే, కష్టం ఆమెదే. కాగితం మీద మాత్రం పేరు ఉండదు. 1886 జనవరి 29న మోటారు బండికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు కూడా కార్ల్ పేరు ఒక్కటే రాశారు. కార్ల్ తప్పు ఇందులో ఎంత, కాలం తప్పు ఎంత అని నేను చాలాసార్లు అనుకున్నాను. ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో ఆయన మాత్రం దాచలేదు. అందరూ వదిలేసిన రోజుల్లో తన పక్కన నిలబడింది భార్య ఒక్కతేనని రాశాడు.

ఆ కష్టాల రోజులు చాలా ఏళ్లు సాగాయి. పిల్లలు పుట్టారు, ఖర్చులు పెరిగాయి, ఇంజిను మాత్రం నడవలేదు. 1879 డిసెంబరు 31 రాత్రి, భోజనాలయ్యాక, ఇంకొక్కసారి పోయి చూద్దాం రమ్మని భర్తను కార్ఖానాకు తీసుకెళ్లింది బెర్తా. ఆ రాత్రి ఇంజిను ఆగకుండా కొట్టుకుంది. ఊళ్లో కొత్త సంవత్సరం గంటలు మోగుతుంటే వీళ్లిద్దరూ ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.

చీటీ పెట్టి బయల్దేరింది

మోటారు బండి తయారైంది. 1886లో మాన్‌హైమ్ వీధుల్లో నడిచింది కూడా. అయినా కొనేవాళ్లు లేరు. దడదడమని చప్పుడు, పొగ, ఎక్కడ ఆగుతుందో తెలియదు. గుర్రాలు బెదిరిపోయేవి. కార్ల్ మంచి ఇంజినీరే గానీ అమ్మడం చేతకాదు. ఇంకా ఏదో సరిచేయాలంటూ కార్ఖానాలోనే తిరుగుతుండేవాడు. డబ్బేమో కరిగిపోతోంది. బండిని జనం నమ్మాలంటే దాన్ని దూరం నడిపి చూపించాలి. అది బెర్తాకు అర్థమైంది.

1888 ఆగస్టులో ఒక రోజు, తెల్లవారుజామునే, భర్త నిద్ర లేవకముందే ఆమె లేచింది. పదిహేనేళ్ల ఓయిగెన్, పధ్నాలుగో ఏడు నడుస్తున్న రిఖార్డ్ ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. చప్పుడు కాకుండా బండిని బయటికి తోసుకుని, కాస్త దూరం పోయాక ఇంజిను తిప్పారు. పుట్టింటికి పోతున్నామని చీటీ పెట్టిందని, దేంట్లో పోతున్నదీ అందులో రాయలేదని చెబుతారు!

మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వాళ్లు పోయిన దారి సుమారు 106 కిలోమీటర్లు. ఇంచుమించు మన ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పోయినంత. అప్పట్లో తారు రోడ్డు లేదు, దారి చూపే బోర్డులు లేవు, బంకు లేదు, మెకానిక్కు లేడు. మూడు చక్రాల బండి. గంటకు పదహారు కిలోమీటర్లకు మించి పోదు. అదీ చదును నేల మీద. అంతకుముందు మోటారు బండిలో అంత దూరం పోయినవాళ్లు ప్రపంచంలోనే లేరు.

మందుల షాపులో ఇంధనం

ఆ బండికి ఇప్పటిలా పెద్ద పెట్రోలు ట్యాంకు లేదు. నాలుగున్నర లీటర్లు పడితే గొప్ప. లిగ్రాయిన్ అనే ఒక రకం పెట్రోలియం నూనెతో నడిచేది. బట్టల మీద మరకలు పోవడానికి దాన్ని మందుల షాపుల్లో అమ్మేవాళ్లు. వీస్లోఖ్ అనే ఊరు చేరేసరికి నూనె అయిపోవచ్చింది. బెర్తా అక్కడి మందుల షాపులో ఉన్న సరుకు కొని బండిలో పోయించింది. ఆ షాపును ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మనకు ఊరూరా బంకులున్నాయి. అందుకే అలుసు. రిజర్వు లైటు వెలిగాక కూడా ఇంకో ఇరవై కిలోమీటర్లు పోతుందిలే అని లాగిస్తుంటాం. ఇప్పటి కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో నడిపితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. దాన్ని మార్చాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. ముల్లు పావు ట్యాంకుకు దిగగానే పోయించుకోవడం అలవాటు చేసుకోండి. దసరా రాత్రి దేవరగట్టు వైపు పోయేవాళ్లయితే ఆదోనిలోనో ఆలూరులోనో ముందే నింపుకోండి. ఆ జనంలో, ఆ చీకట్లో బండి ఆగితే వెనక సీట్లో పిల్లలతో పడే అవస్థ అంతా ఇంతా కాదు.

టోపీ సూది, మేజోళ్ల పట్టీ

దారిలో నూనె వచ్చే గొట్టంలో చెత్త అడ్డుపడింది. ఇంజిను దగ్గి ఆగిపోయింది. బెర్తా తలమీద టోపీకి పెట్టుకున్న పొడవాటి సూది తీసి గొట్టంలో పొడిచి అడ్డు తీసేసింది. ఇంకొంత దూరం పోయాక నిప్పురవ్వ పుట్టించే తీగ ఒరుసుకుపోయి కరెంటు బయటికి పోసాగింది. మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి ఆ తీగకు చుట్టింది. బండి మళ్లీ కదిలింది. గొలుసు సాగి ఇబ్బంది పెడితే బ్రుఖ్‌సాల్‌లో ఒక కమ్మరి దగ్గర బాగు చేయించుకుంది.

ఇది చదివి మీరు సూదులు పట్టుకుని కారు మీద పడకండమ్మా! ఇప్పటి ఇంజన్లలో పెట్రోలు ఎంతో ఒత్తిడితో పోతుంది. ఆ గొట్టాల జోలికి మనం పోకూడదు. అడ్డు పడకుండా చూసుకోవడమే మన పని. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం పొలాల పక్క దారిలో పోతే దుమ్ము కారు నిండా చేరుతుంది. కంపెనీవాళ్లు పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే గాలి ఫిల్టరు తీసి చూడమని సర్వీసులో అడగండి. చాలా కార్లలో నాలుగు క్లిప్పులు విప్పితే ఆ డబ్బా మూత వస్తుంది. ఫిల్టరు మట్టికొట్టుకుపోయి ఉంటే ఇంజనుకు ఊపిరాడదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఏసీ గాలికి వేరే ఫిల్టరు ఉంటుంది. డ్యాష్‌బోర్డులో గ్లోవు బాక్సు వెనక వెతకండి. పిల్లలకు కార్లో తుమ్ములు ఎక్కువైతే ముందు దాన్ని చూడండి.

ఇక బ్యాటరీ. దాని రెండు కొనల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే పొద్దున్నే బండి అందుకోదు. ఇంజిను ఆపి, ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పండి. వంటసోడా కలిపిన నీళ్లతో పాత బ్రష్ పెట్టి రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. చేతికి రబ్బరు తొడుగు వేసుకోండి, గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. లైటో హారనో పని చేయకపోతే ఫ్యూజు పోయి ఉండొచ్చు. అదే నంబరున్న ఫ్యూజు పెట్టాలి. దాని బదులు వైరు ముక్క చుట్టారంటే నిప్పుతో చెలగాటమే.

నీళ్లు, నీళ్లు

బెర్తా బండికి ఇంజిను చల్లబరచడానికి నీళ్లే దిక్కు. ఆ నీళ్లు ఆవిరైపోతూ ఉండేవి. దారిలో బావి కనపడినా, వాగు కనపడినా, సత్రం కనపడినా ఆగి నీళ్లు పోసుకోవడమే. తల్లీ పిల్లలు మోసి పోసిన నీళ్లకు లెక్కలేదు.

మన ఎండల్లో ఈ పాఠం గట్టిగా గుర్తుంచుకోవాలి. వారానికొకసారి, పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. కూలెంట్ డబ్బా బయటి నుంచే కనిపిస్తుంది. మీద రెండు గీతలుంటాయి. రంగు ద్రవం ఆ రెంటి మధ్యలో ఉండాలి. తగ్గితే మీ కారుకు చెప్పిన కూలెంటే పోయించండి. బోరునీళ్లు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది. మా వైపు బోరునీళ్లు కాచిన గిన్నె అడుగు చూస్తే తెల్లటి పొర కనిపిస్తుంది. రేడియేటర్ లోపల జరిగేదీ అదే. మాటిమాటికీ కూలెంటు తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం, వెంటనే చూపించండి.

దారిలో వేడి ముల్లు ఎర్రగీత దాటితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజిను ఆపేయండి. ఎంత తొందరున్నా వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. ఒత్తిడితో ఉన్న వేడినీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కుక్కరు ఆవిరి పోకుండా మనం మూత తీస్తామా? ఇదీ అంతే. అరగంటో ముప్పావుగంటో ఆగాల్సిందే.

ఇంజినాయిలు చూడడం కూడా రెండు నిమిషాల పని. చదునైన చోట ఆపి, ఇంజిను చల్లారాక, ఆయిలు పుల్ల బయటికి లాగండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయండి. ఆయిలు మరక రెండు గుర్తుల మధ్య ఉంటే సరే. కింది గుర్తు కంటే దిగువన ఉంటే ఇక బండి నడపొద్దు, ముందు ఆయిలు పోయించండి.

గట్టు ఎక్కడం, గట్టు దిగడం

దారిలో ఎత్తులొచ్చాయి. బెర్తా బండికి రెండే గేర్లు. ఎత్తు ఎక్కే బలం దానికి లేదు. పిల్లలు దిగి వెనక నుంచి తోశారు. ఇంకొకరు దిగినా చాలక దారిన పోయేవాళ్ల సాయం తీసుకున్నారు. ఎక్కడం ఒక కష్టం, దిగడం ఇంకో కష్టం. అప్పటి బ్రేకులు చెక్కవి. పల్లంలో పట్టుకుని పట్టుకుని చెక్క అరిగిపోయింది. బౌష్‌లోట్ అనే ఊళ్లో చెప్పులు కుట్టే మనిషిని పట్టుకుని ఆ చెక్కల మీద తోలు కొట్టించింది. ఇవాళ మెకానిక్కు మనకు బిల్లులో రాసే బ్రేకు లైనింగు అక్కడే పుట్టింది. చెక్క మీద తోలు వేయించాలన్న ఆలోచన ఎవరిదో కాదు, దారిలో భయపడి, ఆగి, ఆలోచించిన ఒక తల్లిది.

మన బ్రేకులు కూడా అరిగే వస్తువులే. నొక్కినప్పుడు కీచుమంటున్నా, గరగరమంటున్నా, పెడలు మునుపటికంటే లోపలికి పోతున్నా, బండి ఒక పక్కకు లాగుతున్నా ఆ వారమే చూపించండి. బానెట్ కింద చిన్న డబ్బాలో బ్రేకు ద్రవం ఉంటుంది. అది తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. ఊరికే పోసి మూత పెట్టకండి, ఎందుకు తగ్గిందో అడగండి. పాత ప్యాడ్లు మార్చామంటే వాటిని చూపించమనండి. అడిగే హక్కు మనది, డబ్బు మనది.

తిరుమల ఘాటైనా, శ్రీశైలం ఘాటైనా దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులో దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాట బంగారం లాంటిది. ఇంజిను పట్టి ఉంచితే బ్రేకుల మీద భారం తగ్గుతుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదలడం, తాళం తిప్పి ఆపేయడం ప్రాణం మీదికి తెస్తాయి. ఇంజిను ఆగితే పవర్ బ్రేకూ స్టీరింగూ రెండూ బిగుసుకుపోతాయి.

టైర్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో అంటించి ఉంటుంది. అది చదివి, ఆ అంకె చెప్పి పట్టించండి. బండి చల్లగా ఉన్నప్పుడు, పదిహేను రోజులకొకసారి చూపిస్తే మంచిది. స్టెప్నీకి కూడా! మన పొలాల దారుల్లో తుమ్మముళ్లకు కొదవ లేదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. గాడిలో చిన్న రబ్బరు గట్టులు ఉంటాయి, టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే ఆ లోతుకు చేరినట్టే.

పుట్టిల్లు చేరింది

పొద్దు గూకే వేళకు ముగ్గురూ దుమ్ముకొట్టుకుని ఫోర్జ్‌హైమ్ చేరారు. క్షేమంగా చేరామని బెర్తా భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొద్ది రోజులు ఉండి, వేరే దారిలో మళ్లీ బండిలోనే ఇంటికొచ్చింది.

వచ్చి ఊరుకోలేదు. ఎత్తులు ఎక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలంది. బ్రేకుల సంగతి చెప్పింది. దారిలో పడిన ఇబ్బందులన్నీ పూసగుచ్చినట్టు వివరించింది. కార్ల్ వాటిని సరిదిద్దాడు. ఇవాళ కంపెనీలు కొత్త కారును నెలల తరబడి రోడ్ల మీద నడిపి పరీక్షిస్తాయి కదా, ఆ పని ముందుగా చేసిన మనిషి ఈవిడే. అదే ఏడు మ్యూనిక్ ప్రదర్శనలో బండికి బంగారు పతకం వచ్చింది. ఊరూరా జనం చూసిన బండి గనుక కొనేవాళ్లూ మొదలయ్యారు. 1899 నాటికి బెంజ్ కంపెనీ ప్రపంచంలోనే ఎక్కువ కార్లు చేసే కంపెనీ. ఆ ఏడాది చేసినవి 572.

అద్దం తుడిచిందీ ఆడదే

బెర్తా ఒక్కతే కాదు. వానలో మన కారు అద్దం తుడిచే వైపర్ ఉందే, దానికి 1903లో అమెరికాలో పేటెంటు తీసుకుంది మేరీ ఆండర్సన్. న్యూయార్కులో మంచు పడే రోజున ట్రాము ఎక్కితే, దారి కనపడక డ్రైవరు కిటికీ తెరిచి నడపడం చూసింది. లోపలి నుంచి చేత్తో తిప్పే రబ్బరు చీపురు లాంటిది చేయించింది. కంపెనీలు కొనలేదు. గడువు తీరాక అందరూ పెట్టుకున్నారు, ఆమెకు మాత్రం పైసా రాలేదు. ఇంగ్లాండులో డొరొతీ లెవిట్ అనే డ్రైవరు 1909లో ఆడవాళ్ల కోసం కారు పుస్తకం రాసింది. వెనక వచ్చే బండ్లు కనపడడానికి చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోమని అందులో చెప్పింది. కార్లకు వెనక చూపే అద్దాలు బిగించి అమ్మడం ఇంకా మొదలు కాని రోజులవి!

ఈ కథలు గుర్తున్నందుకైనా వైపర్ రబ్బరు సంగతి చూడండి. మన ఎండకు ఏడాదిలోనే బిరుసెక్కుతుంది. వానాకాలం మొదలయ్యే ముందే మార్చించండి. తుడిచాక గీతలు పడుతున్నాయంటే రబ్బరు పని అయిపోయినట్టే. ఎండిన దుమ్ము మీద వైపర్ తిప్పకండి, అద్దం మీద గీతలు పడతాయి. ముందు నీళ్లు చిమ్మాలి.

డిక్కీలో ఏముండాలి?

కారు కొనగానే షోరూమువాళ్లు సామాన్ల పట్టీ ఒకటి చేతికిస్తారు. మెరుపుల సామాను అందులో ఎక్కువ. నేను మాత్రం పనికొచ్చేవి ముందు కొనమంటాను.

* గాలి ఉన్న స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్టు ఇస్తున్నారు. మీ దాంట్లో ఏముందో ఇవాళే చూడండి.
* కారు ప్లగ్గుకు తగిలించే చిన్న గాలి పంపు. పంక్చర్ షాపు దాకా చేరుస్తుంది.
* బ్యాటరీ నుంచి బ్యాటరీకి కరెంటు ఇచ్చే జంపర్ వైర్లు.
* బండి వెనక రోడ్డు మీద నిలబెట్టే ఎర్ర త్రికోణం, మంచి టార్చి.
* ప్రథమ చికిత్స పెట్టె, తాగేనీళ్లు, పాత చీర ముక్కలు, చేతి తొడుగులు.
* చంటిపిల్లలుంటే వాళ్ల సీటు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ముద్దుగా ఉంటుంది, ప్రమాదంలో కాపాడదు. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

కొనే ముందు ఆలోచించాల్సినవీ ఉన్నాయి. సీట్లలో పక్క ఎయిర్‌బ్యాగులుంటే మామూలు సీటు కవరు వాటిని అడ్డుకుంటుంది, వాటికి తగ్గట్టు కుట్టినవే అడగండి. కాళ్ల కింద చాప జారి పెడళ్ల కిందికి పోకూడదు. ముందు ఇనప గార్డు బిగిస్తే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు సరిగా తెరుచుకోకపోవచ్చు. అద్దాలకు నల్ల ఫిల్ములు వేయొద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. కళ్లు జిగేల్మనే లైట్లు వైరు కోసి పెట్టిస్తే ఎదుటివాడికీ ప్రమాదం, మన వైర్లకీ ప్రమాదం.

చివరి రోజులు

తర్వాతి రోజుల్లో బెంజ్ దంపతులు లాడెన్‌బుర్గ్ అనే చిన్న ఊరికి మారిపోయారు. అయిదుగురు పిల్లల తల్లి బెర్తా. 1929లో కార్ల్ పోయాడు. ఆమె ఇంకా పదిహేనేళ్లు బతికింది. 1944 మే 3న, ఆమెకు 95 ఏళ్లు నిండిన రోజున, కార్ల్‌స్రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ బిరుదు ఇచ్చింది. ఒకప్పుడు కార్ల్ చదివిన విద్యాసంస్థ అది. ఆడపిల్ల అని బెర్తా అడుగుపెట్టలేకపోయిన చదువు అది. రెండు రోజుల తర్వాత, మే 5న ఆమె కన్నుమూసింది.

ఆమె బండి నడిపిన దారికి 2008లో బెర్తా బెంజ్ స్మారక మార్గం అని పేరు పెట్టి బోర్డులు నాటారు. రానూ పోనూ 194 కిలోమీటర్లు. 2016లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరూ చేర్చారు. భర్త పేరు అక్కడికి చేరిన చాలా ఏళ్లకు!

బెర్తా ఇంజినీరింగు చదవలేదు. ఇంట్లో వస్తువు ఎలా పని చేస్తుందో దగ్గర నిలబడి చూసింది, అడిగింది, గుర్తు పెట్టుకుంది. అందుకే నడిదారిలో బండి ఆగినప్పుడు కంగారు పడలేదు. మిక్సీ ఆగితే కింద ఎర్ర బటను నొక్కడం మనకు ఎవరూ కాలేజీలో నేర్పలేదు కదా. కారూ అంతే. ఈ ఆదివారం పిల్లలు లేవకముందే పది నిమిషాలు చాలు. కారుతో ఇచ్చిన పుస్తకం తీసి, బానెట్ ఎత్తి, ఆయిలు పుల్ల ఎక్కడో, కూలెంట్ డబ్బా ఎక్కడో, ఫ్యూజుల పెట్టె ఎక్కడో వెతికి పెట్టుకోండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే దాన్నీ పక్కన నిలబెట్టుకోండి. ఎత్తిన బానెట్‌ను ఆనించే కడ్డీ పట్టుకునే పని దానికి అప్పజెప్పండి.